తండ్రి అడుగని ప్రశ్న

ధ్యాన భాగములు: 1 రాజులు 1:5-6, లూకా 2:41-51



దావీదు గొప్ప రాజు, గొప్ప కీర్తనకారుడు. గాని తన పిల్లలతో మాటలాడుట యెరుగని తండ్రి. ఈ మాట కఠినముగా తోచవచ్చును. అయినను లేఖనము దానిని దాచలేదు. అదోనీయా తానే రాజు కావలెనని రథములను, రౌతులను కూర్చుకొనిన సంగతి చెప్పుచు, గ్రంథకర్త నడుమ ఒక చిన్న మాట చేర్చినాడు: ఆ కుమారుడు చేయు పనులకు కారణమేమని తండ్రి ఒక్కనాడైనను అతనిని అడిగి యుండలేదట.

ఇది అదోనీయా యొక్కని కథయే కాదు. అమ్నోను తన సవతి చెల్లెలైన తామారుకు చేసిన ఘోరమును విని దావీదు మిక్కిలి కోపించెను. కోపించి ఏమి చేసెను? అమ్నోనును పిలిపించినట్లు వ్రాయబడలేదు. తామారు ప్రక్కను కూర్చుండి ఆమెను ఓదార్చినట్లును లేదు. అన్నయగు అబ్షాలోము ఆమెను ఒక్కమాట అడిగెను గాని, వెంటనే ఊరకుండుమని చెప్పెను. అతడు అమ్నోనుతో మంచిగాని చెడ్డగాని పలుకక రెండు సంవత్సరములు గడపి, గొఱ్ఱెల బొచ్చు కత్తిరించు విందులో అతని చంపించెను. పిమ్మట గెషూరుకు పారిపోయి 3 సంవత్సరములుండెను. తిరిగి వచ్చియు, యెరూషలేములోనే మరి 2 సంవత్సరములు తండ్రి ముఖము చూడక బ్రదికెను. కడకు యోవాబును తన యొద్దకు రప్పించుకొనుటకు అతని యవల చేనికి నిప్పు పెట్టించెను. పండిన చేనికి నిప్పు పెట్టుట ఎట్టి పాపమో సేద్యగాండ్రమైన మనకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒకే పట్టణములో నున్న తండ్రికి తన మాట చేర్చుటకు ఆ కుమారునికి వేరు దారి దొరకలేదు. అతడు యుద్ధములో చచ్చిన తరువాత దావీదు గుమ్మముపైని గదికి ఎక్కి, పేరు పెట్టి పిలిచి పిలిచి యేడ్చెను. అప్పటికి వినువాడు లేడు.

మేము అట్లు ఊరకుండుట లేదు, దినమునకు పదిమారులు అడుగుచునే యున్నామని తండ్రులందురు. నిజమే. “ఎందుకు చేసినావురా?” అను కేక సాయంకాలము మన పల్లెలలో ఏ వీధిని నడచినను వినబడును. గాని చేయి యెత్తి అడుగునది ప్రశ్న కాదు, తీర్పు. పిల్లవాడు నోరు మెదపనిచో మొండివాడని ఒక దెబ్బ. నోరు తెరచి కారణము చెప్పినచో ఎదురు చెప్పుచున్నాడని రెండు దెబ్బలు. ఇక వాడు నేర్చుకొనునదేమి? తండ్రి చెప్పుల చప్పుడు వినగానే మాట మార్చుట.

బెత్తమును గూర్చి సామెతల గ్రంథములో లేదా యని మనలో పెద్దలు అడుగుదురు. ఉన్నది. గాని ఆ గ్రంథము తెరచి చూడుడి. మొదటి 9 అధ్యాయములలో చాల భాగము ఒక తండ్రి తన కుమారుని కూర్చుండబెట్టుకొని కారణములతో, ఉపమానములతో మాటలాడుటయే. బెత్తపు వచనములను కంఠస్థము చేసిన మనము ఆ తొమ్మిది అధ్యాయముల ఓపికను ఎందుకో మరచితిమి.

ఇప్పుడు నజరేతు తల్లిని చూడుడి. పండ్రెండేండ్ల కుమారుడు చెప్పకుండ వెనుక నిలిచిపోయెను. ఒక దినపు ప్రయాణము నడచి, వెనుకకు వచ్చి, మూడవ దినమున దేవాలయములో కనుగొనిరి. దావీదు ఎన్నడును అడుగని ప్రశ్ననే మరియ అడిగెను: మా యెడల ఎందుకిట్లు చేసితివని. తామెంత దుఃఖముతో వెదకితిమో అదియు దాచక చెప్పెను. అడిగి, జవాబునకు చోటిచ్చెను. ఆయన జవాబు ఆ తలిదండ్రులకు బోధపడలేదని లూకా స్పష్టముగా వ్రాసినాడు. బోధపడకపోయినను ఆమె దానిని ఎదురుమాట అనలేదు. హృదయములో భద్రము చేసికొనెను. ఆ కుమారుడు వారితో నజరేతునకు వెళ్లి వారికి లోబడియుండెను. బోధపడని జవాబును వినినందున ఆ తల్లి పెద్దరికము తగ్గినట్లు మనకు కనబడదు.

పిల్లల విషయమై నిర్ణయములు చేయునప్పుడు వారి అభిప్రాయమును వారి వయస్సునుబట్టి వినవలెనని 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక, 12వ ప్రకరణములో చెప్పుచున్నది. మన దేశము 1992లో దానిలో చేరినది. ఇవి క్రొత్తగా వచ్చిన పరదేశపు మాటలని కొట్టివేయువారు లూకా 2వ అధ్యాయమును మరల చదువవలెను.

అయితే తండ్రి ప్రతి దానికిని పిల్లవానికి సంజాయిషీ చెప్పుకొనవలెనా? అట్లనము. నూతి వైపు పరుగెత్తు పసివానిని ముందు లాగవలెను, కారణము పిమ్మట చెప్పవచ్చును. గాని పదునైదేండ్ల వానిని కూడ నూతి గట్టుమీది పసివానివలెనే చూచుచుండుట మనకు సులువు గనుక చేయుచున్నాము, వాని మేలు కొరకు కాదు. ఆడపిల్లల విషయములో మన తప్పు ఇంకను పెద్దది. సంబంధము కుదుర్చుకొని, తాంబూలముల వేళకు తెలియజేసి, ఆ బిడ్డ తల వంచుకొనగా సమ్మతియని తలంచుచున్నాము. బడి దారిలోనో, బంధువుల యింటనో ఎవడైన బాధ పెట్టినను చెప్పుకొను చోటు లేక ఎందరు తామారులు మన యిండ్లలో ఊరకున్నారో!

మేమెరిగిన యొక కుటుంబపు సంగతి వ్రాయుదుము. తండ్రి ఎకరన్నర కౌలుకు తీసికొని మిరప వేయును. కుమారుడు పట్టణములో హాస్టలునందుండి తొమ్మిదవ తరగతి చదువుచుండెను. ఆ యేట రెండుమారులు ఇంటికి పారిపోయి వచ్చెను. రెండుమారులును తండ్రి కొట్టి, తెల్లవారి మొదటి బస్సుకే మరల దింపి వచ్చెను. మూడవమారు వచ్చినప్పుడు తండ్రి జ్వరముతో మంచము పట్టియుండెను. కొట్టుటకు ఓపిక లేదు. పిల్లవాడు కాళ్లు పిసుకుచుండగా, “ఏమిరా అయ్యా, అక్కడ నీకు కష్టమేమి?” అని మెల్లగా అడిగెను. చాల సేపటికి గాని జవాబు రాలేదు. వెనుక బల్లనుండి నల్లబల్లమీది అక్షరములు కనబడుట లేదు. ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాయుచున్నాడు. సోమరియని పేరు వచ్చినది. ముందే చెప్పలేదేమనగా, కళ్లద్దములకు డబ్బగునని యెరుగును. పురుగుమందుల అంగడి బాకీకి వడ్డీ పెరుగుచున్నదని అమ్మానాన్నలు రాత్రివేళ గుసగుసలాడుట దుప్పటిలోనుండి వినియున్నాడు.

అప్పు సంగతి పిల్లవానికి తెలియకూడదని తండ్రి దాచెను. కన్నుల సంగతి తండ్రికి తెలియకూడదని పిల్లవాడు దాచెను. ఇద్దరును ప్రేమచేతనే దాచిరి. నడుమ దెబ్బలు మాత్రము ప్రేమచేత పడినవి కావని ఆ తండ్రి తరువాత మాతో చెప్పి కన్నీరు విడిచెను.

కళ్లద్దములు వచ్చినవి. మొన్నటి సంక్రాంతి సెలవులలో ఆ యింటికి వెళ్లితిమి. కాయ కోతలు జరుగుచున్నవి. అరుగుమీద కుమారుడు నోటుపుస్తకములో కూలి లెక్క వ్రాయుచుండెను; కౌలు, ఎరువులు, బాకీ అన్నియు అందులోనే యున్నవి. తండ్రి నోటిలెక్కగా ఒక మొత్తము చెప్పగా, “కాదు నాన్నా, నిన్న వచ్చిన ఇద్దరిని మరచినావు” అనెను పిల్లవాడు. తండ్రి ఒక క్షణము వానివైపు చూచి, “ఏదీ, మొదటినుండి చదువు” అని దగ్గరకు జరిగి కూర్చుండెను.