లేపినంక ఎవరి దిక్కు?

అమెరికా రాజ్యాంగంలో 1791లో చేరిన రెండో సవరణ పౌరులకి ఆయుధాలు ధరించే హక్కునిచ్చింది. మన రాజ్యాంగంలో ఆ హక్కు లేదు. 1931 నాటి కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నిబంధనలకి లోబడి, ఉంది. 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని రాజ్యాంగ సభలో సవరణ తెస్తే వీగిపోయింది. చివరికి 19వ అధికరణం ఇచ్చింది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు.

అయినా స్త్రీల మీద ఘోరం జరిగిన ప్రతిసారీ "ఆడవాళ్లకి తుపాకులివ్వండి" అనే మాట లేస్తుంది. 2019 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరూ తిరిగి సామాన్లమ్ముకునే దళిత స్త్రీని చంపినప్పుడూ, అదే వారం శంషాబాద్ దగ్గర మరో యువతిని చంపినప్పుడూ విన్నాం. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం మన కోసమే 'నిర్భీక్' అనే రివాల్వర్ తెచ్చింది. వెల లక్షా ఇరవై వేలు పైనే! బీడీలు చుట్టుకునే మనిషి ఎన్నేళ్లు చుడితే అది చేతికొస్తుంది?

అసలు పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఆడవాళ్ల చేతులు ఖాళీగా ఎప్పుడున్నాయి? వరికోతకి కొడవలి, కట్టెలకి గొడ్డలి, తునికాకుకి కత్తెర. 1959 ఆయుధాల చట్టం కేవలం ఇంటి పనికీ, వ్యవసాయానికీ చేసిన వస్తువుల్ని ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. అంటే పని చేసినంతసేపూ కొడవలి పనిముట్టే. మీదపడ్డవాడి మీదకి లేపిన క్షణాన మారణాయుధం, ఆమె ముద్దాయి.

అత్యాచారానికి దిగినవాణ్ణి ఆత్మరక్షణలో చంపినా నేరం కాదని పాత శిక్షాస్మృతి వందో సెక్షన్ చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన న్యాయ సంహిత 38వ సెక్షన్‌లోనూ అదే ఉంది. చంపే హక్కు దాకా రాసిపెట్టారు. కానీ అది ఆత్మరక్షణేనని చూపించుకోవలసిన భారం ఆమెదే. ఆ వేళప్పుడు అటెందుకు పోయావు? వాడు ముందే తెలుసా? కేకెందుకు వేయలేదు?

కోరుట్ల వైపు ఒక పెద్దామెతో ఈ సంగతే మాట్లాడుతుంటే, ఒళ్లోని చాట మీంచి చూపు తిప్పకుండా అన్నది: "కత్తెర పొద్దంత చేతులనే ఉంటది బిడ్డా. లేపుడు పెద్ద పనా? లేపినంక ఊరు ఎవరి దిక్కు నిలబడ్తది, గది చెప్పు."

ఆ ప్రశ్నకి ఈ నేల మీదే ఒకసారి జవాబు దొరికింది. వెట్టిలో ఆడవాళ్ల ఒళ్లు కూడా దొర సొత్తే అయిన ఊళ్లు ఇవి. 1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో రైతుకూలీ సంఘాలు లేచి, చాకలి, మంగలి, పాలేరు పనులు బంద్ చేస్తే, గడీలో తుపాకులుండీ దొరలు పట్నం దారి పట్టారు. ఊరంతా ఒక దిక్కున నిలబడింది. అప్పుడు దిగింది రాజ్యం తుపాకి. ఆ రెండు తాలూకాలూ కల్లోలిత ప్రాంతాలయ్యాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలోనే 13 మంది చనిపోయారు.

అందుకే కదా ఆయుధం కావాలనేది, అని అడిగేవాళ్లున్నారు. ఆ దారిలో అడవికి వెళ్లిన ఈ జిల్లాల ఆడపిల్లల్ని తేలిక చేసి మాట్లాడలేను. కానీ స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. 1951లో సాయుధ పోరాటం ఆగిపోయాక ఆ స్త్రీలని మళ్లీ ఇంటి దారి పట్టమన్నారు. తుపాకి పట్టిన చెయ్యి మారింది గాని, ఇల్లు మారలేదు.

ఇంట్లోనే కొట్టేవాడుంటే? లైసెన్సు తుపాకి ఆ ఇంటికొస్తే అది ఎవరి చేతికి పోతుంది? పట్టా ఎవరి పేర ఉందో వాళ్ల చేతికే.

ఆయుధం వద్దని ఆడవాళ్లకి నీతులు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆమె లేపిన చేతిని నమ్మే ఊరు, ఠాణా, కోర్టు కావాలంటున్నాను. అవి లేనిచోట లక్ష రూపాయల రివాల్వర్ కూడా పంచనామాలో ఆమె మీద రాసుకునే ఒక వస్తువే.