ఒక చిన్న అజ్ఞాతవాసం

బాగుపడాలంటే మారాలి. ఈ మాటతో ఎవరికీ పేచీ లేదు. అశోక్ నగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ చూసినా ఇదే మాట రకరకాల రంగుల్లో కనిపిస్తుంది. నాకు పేచీ ఆ ఫ్లెక్సీ చెప్పని సంగతి దగ్గర. మారిన మర్నాటి నుంచే బాగుపడటం మొదలవుతుందన్నట్టు మాట్లాడతారు చూడండి, అది నిజం కాదు. ఏ పనిలోనైనా నిజంగా మారినవాళ్ళు ముందు కొన్నాళ్ళు చెడతారు. చేతిలో ఉన్న పాత విద్య పోతుంది, కొత్తది ఇంకా రాదు. ఆ మధ్యకాలం ఎవరికి గడుస్తుంది, ఎవరికి గడవదు అనేది కేవలం పట్టుదలకి సంబంధించిన ప్రశ్న కాదు, న్యాయానికి సంబంధించిన ప్రశ్న కూడా అని నాకు అనిపిస్తుంది.

ఇలా అనిపించడానికి కారణం పెద్ద పుస్తకాలేమీ కాదు, రెండు ఆటలు. ఒకటి టెన్నిస్. రెండోది టేబుల్ చుట్టూ కూర్చుని, కాగితాలూ పాచికలూ ముందేసుకుని ఆడే రోల్ ప్లేయింగ్ ఆట. నేనుండేది అశోక్ నగర్‌లో. పొద్దున్నే టెన్నిస్. ఆదివారం సాయంత్రం చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ నడిచివెళ్ళి, ఒక స్నేహితుడి డాబా మీది గదిలో రెండో ఆట. ఒకదాంట్లో ఒళ్ళు అలుస్తుంది, ఇంకోదాంట్లో నోరు అలుస్తుంది. కానీ రెండూ ఒకే పాఠం చెప్పాయి.

ముందు టెన్నిస్ సంగతి. సొంతంగా ఆడుతూ నేర్చుకున్న వాళ్ళలో చాలామంది సర్వ్ చేసేటప్పుడు రాకెట్‌ని అట్లపెనం పట్టుకున్నట్టు పట్టుకుంటారు. అది ఫోర్‌హ్యాండ్ కొట్టే పట్టు. దానితో కూడా బంతి బాక్సులో పడుతుంది, ఆదివారం మ్యాచులు గెలవొచ్చు. కాకపోతే దానికొక హద్దు ఉంది. ఆ పట్టుతో బంతికి కావలసినంత స్పిన్ రాదు. గట్టిగా కొడితే బయటికి పోతుంది, లోపల పడాలంటే మెల్లగా కొట్టాలి. అందుకని కోచ్‌లు కాంటినెంటల్ గ్రిప్‌కి మారమంటారు. అంటే సుత్తి పట్టుకున్నట్టు. మారిన మొదటి రోజు కుడిచేతివాటం వాడు కొట్టిన బంతి ఎడమవైపు కంచెకి తగులుతుంది. రెండో రోజూ అంతే. ముంజేయిని సరైన క్షణంలో బయటికి తిప్పడం చేతికి అలవాటయ్యేదాకా, నిన్నటిదాకా మీ మీద ఓడిన వాళ్ళంతా మీ మీద గెలుస్తారు.

మా కోచ్ సార్ నాకు ఈ మార్పు చెప్పిన రోజు ఇంకో మాట కూడా అన్నారు. "నెల రోజులు ఎవ్వరితోటీ మ్యాచ్ ఆడకు. పాయింట్లు లెక్కపెట్టకు." గ్రిప్ గురించి ఆయన చెప్పింది ఏ వీడియోలోనైనా దొరుకుతుంది. ఈ రెండో మాట దొరకదు. మ్యాచ్ ఉన్న చోట మనిషి పాత పట్టుకే పోతాడని ఆయనకి తెలుసు. రెండు పాయింట్లు పోగానే చెయ్యి తనంతట తానే అట్లపెనం పట్టుకి జారుతుంది. దాన్ని బద్ధకం అనలేం, అది ఒక రకమైన తెలివే. ఈ పాయింటు కావాలంటే పాత పట్టే మంచిది. వచ్చే ఏడాది కావాలంటేనే కొత్తది. ఈ గుట్ట మీంచి పక్కనున్న పెద్ద గుట్ట మీదికి దూకలేం కదా, ముందు కిందికి దిగాలి. దిగుతున్నవాడిని చూసి "పడిపోతున్నాడు" అనేవాళ్ళు చుట్టూ ఉంటే దిగడం కష్టం.

పీట్ సాంప్రాస్ పద్నాలుగేళ్ళ వయసులో రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ వదిలేసి ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌కి మారాడు. అప్పటికే జూనియర్లలో బాగా ఆడుతున్న కుర్రాడు. అతని కోచ్ పీట్ ఫిషర్ వృత్తిరీత్యా పిల్లల డాక్టరు. వింబుల్డన్ లాంటి చోట గెలిచే ఆట ఆడాలంటే నెట్ దగ్గరికి వెళ్ళాలి, దానికి ఒంటిచెయ్యి కావాలన్నది ఆయన వాదన. మారాక సాంప్రాస్ అంతకుముందు తేలిగ్గా ఓడించిన పిల్లల చేతుల్లో ఓడిపోయాడు. 1990లో పంతొమ్మిదేళ్ళకి యూఎస్ ఓపెన్ గెలిచాడు. వింబుల్డన్ ఏడుసార్లు గెలిచాడు. ఈ కథని పట్టుదల కథగా చెప్పడం మామూలే. నాకు మాత్రం ఇందులో పిల్లాడి పట్టుదల కంటే ఇంటివాళ్ళ ఓపిక పెద్దగా కనిపిస్తుంది. ఓడిపోయి ఇంటికొచ్చిన ప్రతిసారీ "హాయిగా గెలుస్తున్నవాడివి, నీకెందుకొచ్చిన పని?" అని గట్టిగా పట్టుబట్టే వాళ్ళుంటే ఆ బ్యాక్‌హ్యాండ్ అక్కడితో ఆగిపోయేది.

ఇక రెండో ఆట. తెలియని వాళ్ళకోసం రెండు ముక్కలు. వైకుంఠపాళిలో పాచిక ఎటు చెబితే అటు పోవడమే, పాము మింగినా నిచ్చెన ఎక్కినా మన ప్రమేయం లేదు. ఇందులో అలా కాదు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అవుతారు. పాత్ర ఏం చేస్తుందో మనమే చెప్పాలి, అది పారిందో లేదో పాచిక చెబుతుంది. గ్యారీ గైగ్యాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించగా 1974లో అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆటలు బజారుకొచ్చాయి. పాత్ర ఎదగడం అన్నది అప్పటినుంచే వీటిలో ముఖ్యమైన రుచి. ఒక్కో ఆట ఆ ఎదుగుదలని ఒక్కోలా లెక్కగడుతుంది. ఆ తేడాలోనే అసలు తాత్వికత అంతా ఉంది.

ఆ తొలినాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో రాక్షసుల్ని చంపినందుకూ, నేలమాళిగల్లోంచి బంగారం పట్టుకొచ్చినందుకూ అనుభవం పాయింట్లు వచ్చేవి. అంటే ఎంత తెచ్చావన్నదే కొలత. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కతూలూలో పద్ధతి వేరు. మీ పాత్రకి తాళాలు తీసే విద్య నూటికి అరవై వచ్చనుకోండి. ఆ రోజు కథలో ఆ విద్యని వాడి నెగ్గితే దాని పక్కన ఒక టిక్కు పెట్టుకుంటారు. కథ అయ్యాక నూరు వరకూ అంకెలొచ్చే పాచికలు వేస్తారు. అరవై కంటే ఎక్కువ పడితేనే విద్య పెరుగుతుంది. మామూలుగా అయితే అరవై దాటిందంటే పని చెడినట్టే. నేర్చుకోవడం దగ్గరికొచ్చేసరికి అదే అంకె వరం. ముప్ఫై వచ్చినవాడు తొందరగా పెరుగుతాడు, తొంభై వచ్చినవాడు ఎప్పుడో గానీ పెరగడు. 2012లో వచ్చిన డంజన్ వరల్డ్ ఇంకో అడుగు వేసింది. పాచిక ఎదురుతిరిగి పని చెడిన ప్రతిసారీ ఒక అనుభవం పాయింటు రాసుకోమంటుంది.

ఈ మూడూ ఆడినవాళ్ళకి ఒకటి తెలుస్తుంది. ఆట దేన్ని లెక్కపెడితే మనం అలా తయారవుతాం. బంగారం లెక్కపెట్టే ఆటలో మర్యాదస్తులు కూడా రెండు గంటల్లో దోపిడీ దొంగలవుతారు. చెడటాన్ని లెక్కపెట్టే ఆటలో పిరికివాళ్ళు ముందుకొస్తారు. మనుషులు అవే మనుషులు. మారింది లెక్క.

మా టేబుల్ దగ్గరికి ఒక అన్న వస్తాడు. జగిత్యాల వైపు నుంచి వచ్చి నాలుగేళ్ళుగా గ్రూప్స్ రాస్తున్నాడు. పగలంతా చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో ఉంటాడు. మొదటి రోజు ఆయన సంతల్లో బేరాలాడే వ్యాపారి పాత్ర తీసుకున్నాడు. కోట గుమ్మం దగ్గర కాపలావాడు ఆపితే ఏమంటావని అడిగితే, "మావోడు లోపలికి పంపమని అడుగుతడు అనుకో" అన్నాడు. కొత్తవాళ్ళందరూ అంతే, పాత్రని వేరే మనిషిగా చెబుతారు. మూడు నాలుగు వారాలకి ఎక్కడో "వాడు" పోయి "నేను" వచ్చింది. కాపలావాళ్ళతో, రాజులతో, ఒకసారి ఏకంగా దెయ్యంతో ఆయన బేరాలాడిన తీరు చూసి మేం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. చాలా బేరాలు చెడేవి. చెడినా ఆయనకి పోయేదేమీ లేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకి, మెల్కోటే పార్కు బయట నిలబడి ఫోన్‌లో ఆయన వాళ్ళ నాన్నతో అన్న మాట నేను విన్నాను. "ఈసారి నోటిఫికేషనొచ్చినా నేను రాస్తలేను బాపూ. కొలువు చూసుకుంటున్న." అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఆ నిర్ణయం మంచిదో కాదో చెప్పడానికి నేనెవర్ని? ఆట వల్లే చెప్పగలిగాడని కూడా అనను. ఆ వాక్యంలో "నేను" ఉందని మాత్రం గమనించాను.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. ఆటలో చెడితే పోయేది ఒక కాగితం మీది మనిషి. జీవితంలో చెడితే పోయేది వయసు, డబ్బు, ఇంట్లో పరువు. రెంటికీ పోలికేంటి? నిజమే. పోలిక లేకపోవడమే నేను చెప్పదలుచుకుంది. మారడానికి కావలసిన ఆ చెడిపోయే వ్యవధి కొంతమందికి పుట్టుకతోనే దొరుకుతుంది, కొంతమంది కొనుక్కుంటారు, చాలామందికి అసలు ఉండదు. ఊరు వదిలి, ముగ్గురు పంచుకునే గదిలో ఉంటూ, కరెంట్ అఫైర్స్ పుస్తకం పట్టుకుని లైబ్రరీ చెట్టు కింద కూర్చున్న కుర్రాణ్ణి చూస్తే అజ్ఞాతవాసంలో ఉన్నట్టే ఉంటాడు. కానీ అది అజ్ఞాతవాసం కాదు. ప్రతి సాయంత్రం ఫోన్ మోగుతుంది. "టెస్టులో ఎంతొచ్చినయ్?" చదివే పద్ధతి మార్చుకుంటే బాగుంటుందని వాడికీ తెలుసు. మార్చిన మొదటి రెండు నెలలూ మార్కులు తగ్గుతాయని కూడా తెలుసు. ఆ రెండు నెలలు వాడికి ఎవరిస్తారు?

అజ్ఞాతవాసం మాట ఊరికే వాడలేదు. పాచికలు, పాత్రధారణ, మారి బాగుపడటం, ఈ మూడూ కలిసిన కథ మనకి భారతంలోనే ఉంది. నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నాడు. కర్కోటకుడి కాటుకి రూపం పోయింది. బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి దగ్గర రథం తోలేవాడిగా చేరాడు. దారిలో తానిచెట్టు ఆకుల్నీ కాయల్నీ చూడగానే లెక్కచెప్పిన ఋతుపర్ణుణ్ణి చూసి, రథం ఆపి, చెట్టు దగ్గరికి వెళ్ళి లెక్కపెట్టి చూసుకున్నాడు. తన అశ్వహృదయం ఇచ్చి అక్షహృదయం, అంటే పాచికల రహస్యం, నేర్చుకున్నాడు. రాజుగా ఉన్నప్పుడు నలుడు ఇంకో రాజుని "నాకు రాదు, నేర్పు" అని అడిగేవాడా? సారథిగా అడిగాడు. నన్నయ తెలుగు చేసిన ఈ కథని అడవిలో విన్నది ఎవరనుకున్నారు, ధర్మరాజు. చెప్పిన బృహదశ్వుడే ఆయనకీ అక్షహృదయం నేర్పాడు. తర్వాత తిక్కన విరాటపర్వంలో అదే ధర్మరాజు కంకుభట్టుగా మారి, ఏ ఆటలో సర్వం పోగొట్టుకున్నాడో ఆ ఆటే ఆడుతూ విరాటుడి కొలువులో ఏడాది గడిపాడు. ఈసారి పందెంలో భార్య లేదు, తమ్ముళ్ళు లేరు. ఆ కొలువులో ఎవరికీ ఆయనెవరో తెలియదు కూడా.

మారడం పేరుతో పారిపోవడం కూడా ఉంటుంది, అది ఒప్పుకోవాలి. కష్టమైనప్పుడల్లా సబ్జెక్టు మార్చేవాళ్ళు, ఆట మార్చేవాళ్ళు మనకి తెలుసు. రెంటికీ తేడా ఎలా పట్టుకోవాలి? నాకు తోచిన గుర్తు ఒకటే. మారాక మనం ప్రేమించిన పనికి దగ్గరయ్యామా, దూరమయ్యామా? ఈ ఊరి అమ్మాయి సానియా మీర్జా 2005లో ఈ ఊళ్ళోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్ళింది. మణికట్టుకి ఆపరేషన్, మోకాళ్ళకి ఆపరేషన్లు. 2013లో సింగిల్స్ ఆపేసి డబుల్స్‌కే పరిమితమైంది. పైకి చూస్తే అది వెనకడుగే. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. అదే ఏడు మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్, యూఎస్ ఓపెన్, మరుసటి ఏడు ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. ఆమె టెన్నిస్ వదిలిపెట్టలేదు. తన ఫోర్‌హ్యాండ్‌ని తన ఒళ్ళు ఇంకా మోయగల కోర్టులోకి తీసుకెళ్ళింది. ఆ నిర్ణయం తీసుకున్న రోజున ఈ టైటిళ్ళేవీ లేవన్నది మనం మర్చిపోకూడదు.

మారే ధైర్యం గురించి మనం మారేవాళ్ళకి చాలా చెబుతాం. చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పేది తక్కువ. మా కోచ్ సార్ "నెల రోజులు లెక్కపెట్టకు" అన్నప్పుడు ఆయన నాకు ఇచ్చింది సలహా ఒక్కటే కాదు, ఆ నెలంతా ఆయన కూడా లెక్కపెట్టలేదు. రోజూ కంచెకి తగులుతున్న బంతుల్ని చూస్తూ "రేపు రా" అనేవారు. ఇది పెద్ద త్యాగమేమీ కాదు. ఇంట్లో తమ్ముడు చదువు పద్ధతి మార్చుకుంటుంటే, అమ్మ యాభై ఏళ్ళు దాటాక స్కూటీ నేర్చుకుంటుంటే, స్నేహితుడు ఏళ్ళ తరబడి రాసిన పరీక్ష మానేసి ఇంకేదో మొదలుపెడితే, కొన్నాళ్ళ పాటు "ఎంతదాకా వచ్చింది?" అని అడక్కుండా ఉండటం. అంతే. మనలో చాలామందికి ఇది కూడా చేతకాదు. అభ్యాసం చేస్తే వస్తుందేమో. మొదట్లో మనకీ నోరాగదు, అడిగేస్తాం.