దూలముల నెరిగిన మనిషి

విదేశములందలి మన సంఘములు వెలువరించు సంచికలను తిరగవేసినచో, విలువలు అను మాట క్రింద సాధారణముగా కనబడునవి బతుకమ్మ పాటలు, పిల్లల తెలుగు బడులు, పెద్దలయెడ వినయము. ఇవన్నియు ఆదరణీయములే. అయినను, వచ్చి స్థిరపడిన దేశమునుండి మనము గ్రహింపవలసినవియు కొన్ని కలవనియు, వానిని నేర్పగల ఆచార్యులు కొందరు మన ఇరుగుపొరుగుననే జీవించి గతించిరనియు తలచు వ్యాసములు అరుదు గనుక, ఈ సంవత్సరపు సంచికలో ఒక అమెరికను మాజీ సైనికుని స్మరించుటకు పాఠకుల అనుమతి కోరుచున్నాను. ఆయన పేరు ఫ్రాన్సిస్ బ్రానిగన్.

1942లో, ప్రపంచయుద్ధము తీవ్రముగా సాగుచున్న దినములలో, అమెరికా నౌకాదళమున అగ్నిమాపకాధికారిగా వృత్తి నారంభించిన ఆయన, యుద్ధము ముగిసిన పిమ్మటను ఆ మార్గమును విడువలేదు. అణుశక్తి సంఘమున భద్రతా వ్యవహారములు చూచిరి. మేరీల్యాండులోని మాంట్‌గోమరీ కళాశాలలో అగ్నిశాస్త్రము బోధించిరి. 1971లో ‘బిల్డింగ్ కన్‌స్ట్రక్షన్ ఫర్ ది ఫైర్ సర్వీస్’ అను గ్రంథమును ప్రకటించి, 2006 జనవరిలో 87 ఏండ్ల వయస్సున కన్నుమూయువరకు అందలి విషయమునే వ్యాసములందును, ఉపన్యాసములందును విసుగులేక చెప్పుచు వచ్చిరి.

ఆయన బోధ వినుటకు స్వల్పము. నీటిగొట్టము పట్టుట, నిచ్చెన వేయుట నేర్చిన సిబ్బంది, తాము ప్రవేశింపబోవు ఇల్లు దేనితో కట్టబడినదో, ఏ బరువు దేనిపై నిలిచినదో, మంట తగిలినప్పుడు ఏది ముందు కూలునో, నిప్పు పుట్టక మునుపే ఎరిగియుండవలెనని ఆయన పట్టుదల. ఆదిలాబాదు టేకును ఎరిగినవారికి దీనిని బోధపరచుట సులభము. మన ప్రాంతపు పాత పెంకుటిండ్లలో దూలమునకు నిప్పంటినచో, పైపొర బొగ్గయి, ఆ బొగ్గే లోపలి చేవకు కవచమగుటచే, కొయ్య మెల్లమెల్లగా తరుగునే గాని తటాలున తెగదు. అమెరికాలో ఇటీవలి దశాబ్దములందు కట్టబడి, మనలో అనేకులు ముప్పదేండ్ల అప్పుమీద కొనుచున్న ఇండ్లలో పెక్కింటికి అట్టి దూలములు లేవు. వానికి బదులు, సన్నని కొయ్య బద్దలను త్రికోణములుగా పేర్చి, పండ్లు గల పలుచని లోహపు రేకులతో అతికిన ట్రస్సులు కలవు. ఆ పండ్లు కొయ్యలోనికి దిగునది అర అంగుళము కూడ లేదు. మామూలు దినములలో అవి తమ బరువును నిక్షేపముగా మోయును. మంట తగిలిన కొద్ది నిమిషములకే రేకు కొయ్యను విడుచును. ఒక కీలు విడినచో తక్కినవి దానిని అనుసరించును. క్రిందనున్నవానికి హెచ్చరికగా చప్పుడైనను వినబడకపోవచ్చును. బ్రానిగన్ జీవితపు ఉత్తరార్ధమున ఎక్కువ భాగము ఈ ట్రస్సును గూర్చి చెప్పుటకే వ్యయమయ్యెను.

1988 జూలై 1న న్యూజెర్సీలోని హాకెన్‌సాక్ పట్టణమున ఒక కార్ల విక్రయశాలకు నిప్పంటుకొనగా, విల్లు ఆకారపు కొయ్య ట్రస్సులతో కట్టిన పైకప్పు కూలి ఐదుగురు అగ్నిమాపక సిబ్బంది మరణించిరి. అటుపిమ్మట ఆ రాష్ట్రమున, ట్రస్సులు గల దుకాణములు మొదలగు భవనముల ద్వారము చెంత త్రికోణాకారపు చిహ్నము తగిలింపవలెనని శాసనమయ్యెను. నేల ట్రస్సులదైనచో ఎఫ్, కప్పు ట్రస్సులదైనచో ఆర్ అను అక్షరము దానిపై నుండును. ఆ రాష్ట్రపు ఎడిసన్‌లో కూరగాయలకు పోవు మనవారు ఆ త్రికోణమును చూచుచునే యుందురు. ఏ అర్ధరాత్రియో ఆ కప్పు క్రిందికి పరుగెత్తిపోవలసిన అపరిచితుని కొరకు అది అక్కడ నుంచబడినది.

బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని ప్రాంతములందు పెరిగినవారికి ఇట్టి ముందుచూపు కొత్త కాదు. భూగర్భమున విడిచిన బొగ్గు ప్రాణవాయువుతో కలసి, ఎవరును నిప్పు పెట్టకయే, తనంత తానుగ వేడెక్కును; మంట కనబడుటకు మునుపే వాసనలేని కార్బన్ మోనాక్సైడ్ వెలువడును. అందుచేత సింగరేణి గనులలో పని ముగిసిన భాగములను గోడలతో మూయుదురు, ఇసుకతో నింపుదురు, గోడ వెనుకనున్న గాలిని పరీక్షింతురు. ఆ గోడలను చూచివచ్చువాని పేరు ఏ పత్రికలోను రాదు. ఏమియు జరుగకుండ చూచుటయే అతని పని. బ్రానిగన్ చేసినదియు అదియే. ఆయన వలన ప్రాణములు దక్కినవారెవరో లెక్కించుటకు వీలులేదు, వారికిని తెలియదు. శాలువలు, బిరుదులు విరివిగా పంచు మన సభలలో ఇట్టివారికి తావు దొరకకుండుట వింత కాదు. రక్షింపబడినవానిని వేదిక మీదికి పిలిచి చూపలేము గదా!

ఇక మన సంగతి. పోపు ఘాటునకు పొగ అలారము మ్రోగుటయు, ఇంటి యజమాని కుర్చీయెక్కి దాని బ్యాటరీ ఊడబెరుకుటయు, నలుగురు విద్యార్థులున్న అపార్ట్‌మెంటులో ప్లాస్టిక్ సంచితో దాని నోరు కట్టుటయు మనము విందులలో నవ్వుచు చెప్పుకొను కథలు. పైన పసిపిల్లలు నిద్రించుచున్నారనియు, వారి మంచము క్రింద ఉన్నది ట్రస్సుల నేలయనియు తలచినప్పుడు ఆ నవ్వు నిలువదు. పెనములోని నూనె అంటుకొన్నచో నీరు పోయరాదనియు, పొయ్యి ఆర్పి మూత వేయవలెననియు ఎరుగని ఇల్లాలు లేదేమో. ఎరుగని బ్రహ్మచారులు మాత్రము పెక్కుమంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెలనుండి గల్ఫునకు పోయిన మన సోదరులకు తాము పండుకొను గదిని ఎంచుకొను స్వేచ్ఛయైనను లేదు. 2024 జూన్ 12న తెల్లవారుజామున కువైటులోని మంగాఫ్‌లో కార్మికుల వసతి భవనపు క్రింది అంతస్తున నిప్పంటుకొనగా, పొగ మెట్లవెంట పైకెగసి, డాబా తలుపునకు తాళముండుటచే దారిలేక, దాదాపు 50 మంది మరణించిరి. వారిలో అత్యధికులు భారతీయులు. అందు ముగ్గురు ఆంధ్రప్రదేశమువారు. దుఃఖించితిమి, ఆగ్రహించితిమి. అంతకు రెండేండ్లు మునుపు, 2022 మార్చి 23న, సికిందరాబాదు బోయగూడలో తుక్కు గోదాము పైభాగమున నిద్రించుచున్న 11 మంది బీహారు కూలీలు, దిగుటకు దారిలేక మరణించినప్పుడు మనకు అంతటి ఆగ్రహము కలిగెనా? గల్ఫులో మనము వలసవారము, సికిందరాబాదులో యజమానులము.

డాలర్లు, దిర్హములు పంపి కరీంనగరులోను, మంచిర్యాలలోను మేడలు కట్టించు మనవారు గుత్తేదారుతో ఫోనులో పాలరాతి రంగును గూర్చి గంటసేపు చర్చింతురు. రెండవ మెట్లదారి కలదా, కిటికీల ఇనుపచువ్వలలో లోపలినుండి తెరచుకొనునది ఒక్కటియైన కలదా, అద్దెకున్నవారు రాత్రివేళ దిగు దారికి తాళము వేయుదురా అని అడుగుట అరుదు. మన సంఘపు కార్యవర్గమునకును ఒక విన్నపము: నిరుడు బతుకమ్మ నాడు సత్తుపిండి ప్రసాదపు బల్లలు నిలిపిన చోటు హాలులోని అత్యవసర ద్వారమునకు సరిగా ఎదురుగానున్నది. ఈసారి వానిని తూర్పు గోడకు చేర్చి, ఆటపాటలు మొదలిడుటకు మునుపు ఎవరైన ఒకరు ఆ ద్వారమును త్రోసి చూడవలెను.