దొంగ పక్షమున మన మనస్సు
ధ్యాన భాగములు: కీర్తన 50:18, లూకా 16:1–8



దొంగతనము పాపమని మన సండేస్కూలు పిల్లలకు కూడ తెలియును. అయినను దోపిడి కథగల సినిమా చూచునప్పుడు, దొంగ పట్టుబడకుండ బయటపడిన బాగుండునని మన మనస్సు ఏల కోరును? నేడు పల్లెలలో సహితము చేతి ఫోనులోనే అన్ని దేశముల చిత్రములు కనబడుచున్నవి గనుక ఈ ప్రశ్న మన యిండ్లలోనికే వచ్చియున్నది.

మేము చూచిన చిత్రము "రిఫీఫీ". 1955లో ఫ్రాన్సు దేశమున విడుదలైన నలుపు తెలుపు చిత్రమిది. దర్శకుడు జూల్స్ డాసిన్ అమెరికా దేశస్థుడు. కమ్యూనిస్టని తోటివారు పేరు చెప్పుటచేత స్వదేశములో పని పోగొట్టుకొని ఐరోపాకు వచ్చినవాడు.

అయిదేండ్లు చెరలో ఉండి వచ్చిన టోనీ అనువాడు మరి ముగ్గురితో కూడి పారిస్ నగరములో ఒక నగల దుకాణమును దోచును. దాదాపు అరగంట సేపు ఆ దోపిడి సాగును. అంతసేపును ఒక్క మాట లేదు, సంగీతము లేదు. పై అంతస్తులో నేలకు కన్నము వేసి, పెచ్చులు రాలి చప్పుడు కాకుండ ఆ కన్నములోనుండి గొడుగు దింపి విప్పుదురు. గంట మ్రోగకుండ దానిలో మంటలార్పు నురుగు నింపుదురు. చూచువారు కూడ దొంగలతోపాటు ఊపిరి బిగబట్టుదురు.

ఇది పాపమా? లూకా సువార్తలో అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని యజమానుడు మెచ్చుకొనెను. మెచ్చుకొన్నది వాని యుక్తిని గాని వాని మోసమును గాదు. ఓర్పు, నేర్పు, ఒకరినొకరు నమ్ముట మంచి గుణములే. బెసలేలునకు లోహపు పనియందు నేర్పునిచ్చిన దేవుడే మానవుల చేతులకు నేర్పునిచ్చెను. అట్టి నేర్పు చెడుగునకు అమ్ముడుపోవుట చూచి మనము ఆశ్చర్యముతోపాటు దుఃఖమును పొందవలెను. నేర్పును మెచ్చుట వేరు, దొంగతో ఏకీభవించుట వేరు. కీర్తనకారుడు గద్దించునది రెండవదానినే.

అయితే మెప్పు ఎప్పుడు ఏకీభావమగును? ఈ చిత్రములో టోనీ తన పాత స్నేహితురాలిని బెల్టుతో కొట్టినప్పుడు మన మనస్సు వానిమీద విరుగును. నగలు దోచినప్పుడు విరుగదు. ఏలయనగా ఆమె ముఖము మనము చూచితిమి. నగలు పోగొట్టుకొన్నవాని బాధ మనకు కనబడదు. నష్టపోయినవాని ముఖము కనబడనప్పుడు దొంగతనము దొంగతనమువలె తోచదు. మనకున్న అపాయమంతయు ఇక్కడనే యున్నది.

రాత్రివేళ కాలువ తూము ఎత్తి తన పొలమునకు నీరు మళ్లించుకొనువాడు, కాలువ చివర ఎండిన మడి దగ్గర నిలిచిన రైతును చూడడు. తూకములో కొంచెము తగ్గించువాడు, ఆ రాత్రి ఆ యింట అన్నము చాలని బిడ్డను చూడడు. వీరిని తెలివిగలవారని మనము నవ్వుచు చెప్పుకొనుట లేదా?

చిత్రము మాత్రము ఫలమును దాచలేదు. ముఠాలో ఒకడైన సేజరు, దోచిన ఉంగరమొకటి ఒక గాయనికి ఇచ్చెను. దానివలన గుట్టు బయటపడెను. బెదిరింపునకు లోబడి తోటివాని పేరు చెప్పిన ఆ సేజరు పాత్రను డాసినే ధరించెను. దాచుకొన్న సొత్తువలన ఆకాను ఇల్లంతయు నశించినట్లు, ఆ ఉంగరము వెంబడి చావులు వచ్చెను. శత్రువులు ఒక దొంగ కుమారుని ఎత్తుకొనిపోగా, టోనీ గాయపడియు బిడ్డను కారులో ఇల్లు చేర్చి చనిపోయెను. తల్లి బిడ్డను మాత్రము ఎత్తుకొనెను. డబ్బు పెట్టె పోలీసులకు మిగిలెను. ఆ పెట్టె కొరకే గదా అందరును చచ్చిరి!

ఈ చిత్రమును అమెరికాలో ప్రదర్శించునప్పుడు సామెతలు 29:16 వచనమును మొదట చేర్చిరి. తెరమీద వచనము పెట్టుట సులభము. చూచువాని హృదయములో అది లేనిచో, అరగంట నేర్పే అతనికి జ్ఞాపకముండును.

చిన్నపిల్లలకు ఈ చిత్రము తగదు. పెద్దలు చూచినయెడల, దొంగ తప్పించుకొనవలెనని తోచిన క్షణమున ఒక్క ప్రశ్న వేసికొందురు గాక: ఇక్కడ నాకు కనబడకుండ నష్టపోవుచున్నవాడెవడు? తెర ఆరిన తరువాత కాలువ గట్టుమీద, తూకము దగ్గర, సంఘపు లెక్కల పుస్తకము ముందు అదే ప్రశ్న మనతో ఉండును గాక.