తీర్పా? కబురా?

తొంభై ఎనిమిది మార్కులు తెచ్చుకున్న పిల్లవాణ్ణి "ఆ రెండూ ఎక్కడ పోయాయి?" అని అడగడం మన ఇళ్ళలో అలవాటు. ఇక్కడ అమెరికా బడుల్లో ఏం చేసినా "గుడ్ జాబ్" అని స్టిక్కర్ అంటిస్తారు. మొదటిది మరీ కటువనీ, రెండోది మరీ మెతకనీ మనం వాదించుకుంటూ ఉంటాం. నాకు రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. ఏ లెక్క ఎందుకు తప్పిందో మొదటిది చెప్పదు, ఏ పని ఎందుకు బాగుందో రెండోది చెప్పదు. రెండూ తీర్పులే. పిల్లలకి కావలసింది తాము చేసిన పని గురించిన కబురు.

1998లో క్లాడియా ముల్లర్, కేరొల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు ప్రచురించారు. చిక్కుప్రశ్నలు చేయించి కొందరిని "నువ్వు తెలివైనదానివి" అనీ, కొందరిని "బాగా కష్టపడ్డావు" అనీ మెచ్చుకున్నారు. తర్వాత ఇంకా కష్టమైనవి ఇస్తే అందరూ తడబడ్డారు. ముక్కూమొహం తెలియని వేరే బడి పిల్లలకి తమ మార్కులు రాసి పంపమంటే, తెలివైనవాళ్ళనిపించుకున్నవారిలో 38 శాతం ఎక్కువ చేసి రాశారు. కష్టపడ్డారనిపించుకున్నవారిలో అలా రాసినవారు 13 శాతం. డ్వెక్ సిద్ధాంతం బడుల్లో ఎంత మేలు చేస్తుందన్నదానిపై తర్వాత చాలా వాదాలే జరిగాయి. కానీ ఆ అబద్ధం మాత్రం ఆలోచించదగ్గది. తీర్పుకి అలవాటుపడ్డవాడు తప్పు దిద్దుకోడు, దాచుకుంటాడు.

మన పిల్లలు అంత ఇష్టంగా పోటీపడే స్పెల్లింగ్ బీలో తప్పు చెబితే గంట మోగుతుంది. ఆ వెంటనే సరైన స్పెల్లింగ్ చెబుతారు. ఆ గంటకి కోపం లేదు, పక్కింటివాళ్ళ అబ్బాయితో పోలిక లేదు. అయితే ఏ స్నేహితుణ్ణి నమ్మాలి, ఇరవై డాలర్లు ఎలా ఖర్చుపెట్టాలి అన్నవాటికి అలాంటి గంట ఉండదు. అక్కడ ఫలితమే గంట, అదీ ఆలస్యంగా మోగుతుంది. అది మోగేలోపే మనం పరిగెత్తుకెళ్ళి మరిచిపోయిన లంచ్ బాక్స్ అందిస్తాం, రాత్రికి రాత్రి సైన్స్ ప్రాజెక్టు పూర్తిచేసేస్తాం. ఇక పిల్లలు చదవడానికి మిగిలేది మన మొహమే. పద్దెనిమిదేళ్ళకి కాలేజీకి వెళ్ళినప్పుడు ఆ మొహం వాళ్ళ ఎదుట ఉండదు.

అలాగని అన్నిటికీ వదిలెయ్యమని కాదు. రోడ్డు మీదా, పొయ్యి దగ్గరా, కారు తాళాల విషయంలోనూ అనుభవమే నేర్పుతుందని ఊరుకోలేం. సరిదిద్దుకోలేని తప్పుకి పెద్దవాళ్ళు అడ్డుపడాల్సిందే. సరిదిద్దుకోగలిగిన వాటికి మాత్రం మూడు ప్రశ్నలు చాలు: ఏమనుకుని చేశావు? ఏమయింది? ఈసారి ఏం చేస్తావు? జవాబు వచ్చేదాకా మనం ఆగగలగాలి. నిజంగా కష్టమైనది ఈ ఆగడమే.

అమ్మానాన్నలు వద్దన్నా సముద్రాలు దాటివచ్చినవాళ్ళం మనలో చాలామందిమి. ఆ నిర్ణయంలో లాభమెంతో నష్టమెంతో మనకి ఎవరూ మార్కులు వేసి చెప్పలేదు, బతికి తెలుసుకున్నాం. మనం తీసుకున్న ఆ స్వేచ్ఛలో కొంతైనా, ఇరవై డాలర్ల పాటిదైనా, మన పిల్లలకి దక్కడం న్యాయం.