కొత్త బాడీ కొనేముందు

అల్లుడూ,

24 మెగాపిక్సెళ్ళ కెమెరా అమ్మేసి 45ది కొంటానంటున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దనడానికి కాదు ఈ మాట. కొంటే ఫొటోలో ఏం మారుతుందో తెలిసి కొనమని.

నీ 24 మెగాపిక్సెళ్ళ బొమ్మ అడ్డంగా 6,000, నిలువుగా 4,000 చుక్కలు. 45దైతే అడ్డంగా 8,200 పైచిలుకు. సంఖ్య రెట్టింపుకు దగ్గరైనా అడ్డంగా పెరిగింది మూడో వంతు పైన కాస్త. నువ్వు పెళ్ళిళ్ళకిచ్చేది 12×36 కరిజ్మా ఆల్బం. అందులో సగం, అంటే 12×18 నిండా ఒకే బొమ్మ పెట్టినా, అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 మెగాపిక్సెళ్ళ లోపే సరిపోతుంది. నీ దగ్గరున్నదే ఇంకా మిగులుతుంది.

రాత్రి ముహూర్తాల్లో గ్రెయిన్ వస్తోందంటావు. నిజమే. నీది క్రాప్ సెన్సర్, నువ్వు కొంటానంటున్నది ఫుల్‌ఫ్రేమ్. దాని వైశాల్యం నీదానికి రెండింబావు రెట్ల పైన, ఒక స్టాప్‌కు మించి లాభం. కానీ నీ 18–55 కిట్ లెన్సు జూమ్ చివర అపర్చర్ 5.6 దగ్గర ఆగిపోతుంది. అక్కడ 50 ఎంఎం 1.8 లెన్సు పెట్టావంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికొస్తుంది, మూడు స్టాపుల పైమాటే. ధరలో అది కొత్త బాడీ దరిదాపులకు రాదు. వధూవరులిద్దరూ ఒకే వరసలో లేకపోతే మాత్రం 2.8కి తెచ్చుకో, లేదంటే ఒకరు మసకబారతారు.

దర్శి చుట్టుపక్కల మిరప కల్లాల్లో నువ్వు తీసినవి చూశాను. ఎండలో కాయ పరిచినచోట ఎరుపంతా ఒకే ముద్దగా పడింది. కాయకూ కాయకూ మధ్య నీడ లేదు, మెరుపు లేదు. అది కెమెరా పాతబడి కాదురా. మీటర్ అన్ని రంగులూ కలిపి కొలుస్తుంది, ఎరుపు ఛానెల్ మాత్రం ముందే నిండిపోతుంది. హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీతను విడిగా చూసి, అది కుడి అంచుకు తగలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించు. రా ఫైల్లో తియ్యి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే, 14 బిట్ల రాలో 16,384. పత్తి చేలో తెల్లదనానికీ ఇదే మందు. ఎంత ఖరీదైన కెమెరా అయినా మీటర్‌ను నమ్మి వదిలేస్తే ఎరుపు అలాగే ముద్దకట్టొచ్చు.

కల్యాణమండపంలో లైట్ల కింద చారలన్నావు. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టి చూడు.

మాయాబజార్ పడవపాటలో వెన్నెల చూశావుగా. 1957 నాటి సినిమా. నలుపు తెలుపు ఫిల్ము మీద మార్కస్ బార్ట్‌లీ వెలుతురును మలిచి పుట్టించిన వెన్నెల అది. నువ్వు ముందు చూడాల్సింది వెలుతురునే.

కొత్త బాడీ దండగ అనను. కదిలేవాళ్ళ కళ్ళను వదలని ఫోకస్, ఒకటి పాడైనా ఆదుకునే రెండో కార్డు పెళ్ళి పనిలో పెద్ద ధైర్యం. తలంబ్రాలు మళ్ళీ పోయించలేం కదా. నీకు కావలసింది ఆ ధైర్యమైతే దానికోసమే కొంటున్నానను, నాణ్యత కోసమని చెప్పుకోకు.

నాణ్యత కోసమే అయితే ఒంగోలు నుంచి ఒక్కరోజుకు ఆ కెమెరా అద్దెకు తెచ్చుకో. రాత్రిపూట అదే బల్బు కింద మీ అమ్మను కూర్చోబెట్టి, రెండిటికీ సరిపోయే ఒకే లెన్సుతో, ముఖం ఒకే సైజులో పడేట్టు జరుగుతూ, ఐఎస్ఓ మార్చకుండా రెండిటితో తియ్యి. 12×18 ప్రింట్లు వేయించి వెనక పెన్సిల్‌తో గుర్తు పెట్టు. ఏది ఏదో చెప్పకుండా నలుగురికి చూపించు. కంప్యూటర్లో వంద శాతానికి పెంచి చూడకు, పెళ్ళికూతురి నాన్న ఆల్బం అలా చూడడు.

నలుగురూ కొత్తదాన్నే ఏరితే నిక్షేపంగా కొను. చీటీ డబ్బుకు తక్కువైంది నేను సర్దుతాను. తేడా పట్టలేకపోతే 50 ఎంఎం లెన్సు, ఒక మంచి ఫ్లాష్ కొనుక్కో. ఈ ఏడాదికి బాడీ వద్దు.