రసికుని హక్కు

ఒక గాయకుని యౌవనమునుండి ఆరాధించినవాడు, ఆతడు వృద్ధుడై క్రొత్త పాటలు వెలువరించినప్పుడు, ఏమి కోరి వినుచున్నాడు? పాటనా, పోయిన తన యౌవనమునా? ఈ ప్రశ్న నన్ను కొంతకాలము బాధించినది.

అమెరికా దేశపు గాయకకవి బాబ్ డిలన్ 2020 జూన్ 19న, తన 79 ఏండ్ల వయస్సున, ‘రఫ్ అండ్ రౌడీ వేస్’ అను గీతసంపుటిని వెలువరించెను. 2012 తరువాత స్వీయరచనలతో ఆతడు కూర్చిన సంపుటి అదియే. నడుమ వచ్చిన మూడును ఇతరుల పాత పాటలు. మొదటిమారు విన్నప్పుడు నాకు నిరాశయే కలిగినది. కంఠము బొంగురుపోయినది, పలుచోట్ల పాటకన్న మాటకే దగ్గరగ నున్నది. ‘ఇతడు నా డిలన్ కాడు’ అని తోచినది.

‘నా’ అను ఆ మాటయే నన్ను ఆలోచింపజేసినది. జానపదశైలిలో పేరొందిన ఆతడు 1965 జులై 25న న్యూపోర్టు ఉత్సవమున విద్యుత్తుతో మ్రోగు గిటారు చేబూని పాడగా, శ్రోతలలో కొందరు కేకలు వేసి నిరసించిరి. మరుసటి యేడు మే నెలలో మాంచెస్టరు నగరమున ఒక శ్రోత ‘జూడాస్’ అని, అనగా గురుద్రోహి యని, నిందించెను. నిరసించినవారిలో పెక్కురు ఆతనిని మిక్కిలి ప్రేమించినవారే. ఆతడు చేసిన ద్రోహమేమి? వారు మలచుకొన్న ప్రతిమవలె నిలువకపోవుటయే. నా నిరాశయు అట్టిదే యని గ్రహించి సిగ్గుపడితిని.

అయిన, వృద్ధుడు గదా యని జాలితో మెచ్చుకొనుట ధర్మమా? అదియు అవమానమే. పెద్దవారి కృషికి మనము శ్రద్ధ చెల్లింపవలెను. కావున మరల వింటిని. కడపటి పాట ‘మర్డర్ మోస్ట్ ఫౌల్’ సుమారు 17 నిమిషములు నడచును. 1963లో జరిగిన కెనెడీ హత్య అందలి వస్తువు. ఉత్తరార్ధమున కవి వుల్ఫ్‌మన్ జాక్ అను రేడియో ప్రసారకుని సంబోధించి, ఈ పాట వేయుము, ఆ పాట వేయుము అని వరుసగా కోరుచు పోవును. అచ్చట నాకు కనువిప్పు కలిగినది. ఎందరో ఆరాధించు గాయకుడు తానే ఒక ఆరాధకుడై కూర్చుండి పాత పాటల నడుగుచున్నాడు! ఆ యడుగుటయే ఆతని చేతిలో క్రొత్త పాట యైనది.

ఇది మనకును చెందిన మాటయే. తాతలనాడు వలస వచ్చి, పొరుగు భాషల నడుమ తెలుగును కాపాడుకొన్న కుటుంబములు మనవి. పిల్లల తెలుగులో ఒక తమిళపు మాటయో కన్నడపు మాటయో దొరలినచో నొచ్చుకొందుము. అమ్మమ్మ పలికినట్లే పలుకవలెనని కోరుదుము. ఆ కోరికలో భాషపై ప్రేమ యెంతయో, మన బాల్యముపై మమకార మెంతయో, ఎవరికి వారు తూచి చూచుకొనవలెను.

శ్రద్ధగ విని బాగోగులు నిష్కపటముగ చెప్పుటకు శ్రోతకు హక్కు కలదు. పూర్వమువలెనే యుండుమని శాసించుటకు లేదు. ఆ సంపుటిలో నాకు నేటికిని రుచింపని పాటలు రెండు మూడు కలవు. ఆ మాట చెప్పుటకు సంకోచింపను. అవి ఆనాటి పాటలవలె లేవను నెపముతో మాత్రము చెప్పను.